ఫ్లైబైలో నౌక కొలిచిన అయస్కాంత క్షేత్రాన్ని సరిచూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, భీమవరం, కాకినాడ వైపు డిగ్రీ ఫిజిక్స్ పిల్లలు కొందరు అంతరిక్ష నౌకలు పంపిన అయస్కాంత క్షేత్రం డేటాతో ప్రాజెక్టులు చేస్తున్నారు. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, సందేహాలు మాత్రం పాతవే వస్తాయి. అందుకే వాళ్ళు అడిగింది అడిగినట్టే రాసి, కింద జవాబులు పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఉన్నచోట చదువుకోండి. ఉదాహరణలు ఎక్కువగా, గురుడి దగ్గరికి నాసా పంపిన జునో నౌక 2013లో భూమి పక్కనుంచి వెళ్ళినప్పటివి.

## మొదలుపెట్టే ముందు

ఫ్లైబై అంటే నౌక గ్రహం దగ్గర కాసేపు ఆగుతుందాండీ?

ఆగదు. పక్కనుంచి దూసుకుపోతుంది. గ్రహం గురుత్వాకర్షణ నౌక దారిని వంచుతుంది, సూర్యుడి చుట్టూ అది తిరిగే వేగాన్ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఇంధనం ఖర్చు లేకుండా దొరికే ఊపు కాబట్టి దూరం వెళ్ళే నౌకలు దారిలో భూమినో శుక్రుడినో పలకరించి పోతాయి. జునో 2013 అక్టోబరు 9న దక్షిణాఫ్రికా తీరం దగ్గర 559 కి.మీ. ఎత్తుకి వచ్చింది. మన టైము ప్రకారం అప్పటికి తేదీ మారింది, అర్ధరాత్రి దాటి సుమారు 12:51. అప్పుడు భూమితో పోలిస్తే దాని వేగం సెకనుకి దాదాపు 15 కి.మీ.

జునో గురుడి కోసం పంపింది కదా, దాని డేటాని భూమి దగ్గర చూడటం దేనికి?

గురుడి దగ్గర క్షేత్రం ఎంతుందో ముందే తెలిస్తే నౌకని పంపాల్సిన పనే ఉండదు. తెలియని చోట కొలిచిన అంకెని నమ్మాలంటే, తెలిసిన చోట అదే పరికరం ఏం చెప్పిందో ముందు చూడాలి. మనకి బాగా తెలిసిన గ్రహ క్షేత్రం ఒక్కటే, భూమిది. వందల ఏళ్ళ నుంచి నేల మీద, కొన్ని దశాబ్దాలుగా ఉపగ్రహాలతో కొలుస్తున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. గ్రహాల మధ్య ప్రయాణించేటప్పుడు చుట్టూ ఉండే క్షేత్రం భూకక్ష్య దగ్గర సుమారు 5 నానోటెస్లా మాత్రమే ఉంటుంది (నానోటెస్లా క్షేత్రాన్ని కొలిచే యూనిట్, అదెంతో కింద చెప్పాను). లక్షల నానోటెస్లాలు కొలవడానికి కట్టిన పరికరం పెద్ద రేంజులు (కొలత హద్దులు) ఆ దారిలో అసలు వాడకంలోకే రావు. భూమి పక్కనుంచి వెళ్ళినప్పుడే అది వేల నానోటెస్లాలు చూస్తుంది. శనికి బయలుదేరిన క్యాసినీ నౌక 1999 ఆగస్టు 18న భూమిని దాటింది. అంతకు రెండు రోజుల ముందే దాని 11 మీటర్ల మాగ్నెటోమీటర్ బూమ్‌ని, అంటే క్షేత్రాన్ని కొలిచే పరికరం ఉన్న పొడుగు కడ్డీని, చాపారు. శని దాకా ఆగకుండా ఈ ఫ్లైబై అవకాశాన్ని వాడుకున్నారు.

కోనసీమలో కూర్చుని ఇది నిజంగా చేయగలమా? ల్యాబ్ ఏమైనా కావాలా?

చేయగలరు. నాసా గ్రహాల డేటా ఆర్కైవ్‌ని పీడీఎస్ అంటారు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. అయస్కాంత క్షేత్రం డేటాని చూసుకునే పీడీఎస్ విభాగం లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఉంది. నౌక ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అనే ఫైళ్ళని స్పైస్ కెర్నెళ్ళు అంటారు, అవీ ఉచితమే. సెకనుకొక రీడింగు ఉండే ఫైళ్ళకి మామూలు ల్యాప్‌టాపు, పైథాన్ చాలు. తుఫాను రోజుల్లో మన దగ్గర కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి కావాల్సిన ఫైళ్ళన్నీ ముందే దించి పెట్టుకోండి.

నానోటెస్లా అంటే ఎంతో బుర్రకి ఎక్కట్లేదండీ.

మీరు నిలబడిన చోటు నుంచే మొదలుపెట్టండి. గోదావరి డెల్టాలో భూమి క్షేత్రం మొత్తం సుమారు 43 వేల నానోటెస్లా. అందులో నేలకి సమాంతరంగా ఉత్తరం వైపు ఉండేది దాదాపు 40 వేలు, మిగతాది కిందికి దిగుతుంది. ఫోను యాప్‌లు మైక్రోటెస్లాలో (వెయ్యి నానోటెస్లాలు ఒక మైక్రోటెస్లా) చూపిస్తాయి కాబట్టి అందులో 43 అని కనిపించాలి. భూమ్మీద చోటుని బట్టి ఇది సుమారు 25 వేల నుంచి 65 వేల దాకా మారుతుంది. గురుడి దగ్గర జునో చూసినది 7 లక్షల 70 వేలు దాటింది. గ్రహాల మధ్య ఖాళీలో 5. ఒకే పరికరం ఈ రెండు చివరలనీ కొలవాలి, కష్టమంతా అక్కడే ఉంది.

ఏ ఫ్లైబైతో మొదలుపెడితే మంచిది?

జునో భూమి ఫ్లైబై. తర్వాత క్యాసినీ. గెలీలియో నౌక 1990లో, 1992లో రెండుసార్లు డిసెంబరు 8నే భూమిని దాటింది, అవీ బాగుంటాయి. బుధుడి ఫ్లైబైలు ఆసక్తిగా ఉంటాయి కానీ మొదటి ప్రాజెక్టుకి వద్దు. అక్కడ తేడా వస్తే తప్పు మీదో బుధుడిదో తేల్చుకోలేక టెన్షన్ పడతారు.

## డేటా, టైము, అక్షాలు

ఒకే రోజుకి మూడు రకాల ఫైళ్ళు ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

జునో డేటా మూడు అక్షాల పద్ధతుల్లో ఇస్తారు. పేలోడ్ అంటే నౌకకి అతికించిన అక్షాలు, నౌక తిరిగితే ఇవీ తిరుగుతాయి. ప్లానెటోసెంట్రిక్ అంటే గ్రహంతో పాటు తిరిగే అక్షాలు. సన్-స్టేట్ అంటే సూర్యుడి దిశని ఆధారం చేసుకున్నవి. భూమి మోడల్‌తో, అంటే ఏ చోట క్షేత్రం ఎంతుండాలో లెక్కగట్టి చెప్పే సూత్రాలతో, పోల్చడానికి ప్లానెటోసెంట్రిక్ సులువు. పరికరంలో లోపం వెతకాలంటే పేలోడ్ అక్షాలే కావాలి, ఎందుకంటే లోపం సెన్సార్‌తో పాటే తిరుగుతుంది. రెండూ దించుకోండి. లేబుల్ ఫైలు చదవకుండా కాలమ్స్ ఊహించుకోవద్దు.

నా గ్రాఫూ మోడల్ గ్రాఫూ ఒకేలా ఉన్నాయి, కానీ పక్కకి జరిగినట్టున్నాయి. ఎందుకు?

ఎంత జరిగిందో కొలవండి. 67 సెకన్లు వస్తే కారణం దొరికినట్టే. స్పైస్ లోపల వాడే సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కాదు. 2013 అక్టోబరులో రెండింటికీ తేడా 67.18 సెకన్లు, అందులో 35 లీపు సెకన్ల లెక్కది, 32.184 స్థిరంగా ఉండేది. లీప్ సెకండ్ కెర్నెల్ లోడ్ చేయకుండా చేత్తో సమయం మార్చినవాళ్ళందరికీ ఇదే వస్తుంది. సెకనుకి 15 కి.మీ. చొప్పున 67 సెకన్లంటే నౌకని వెయ్యి కి.మీ. అవతల పెట్టినట్టు. సరిగ్గా అయిదున్నర గంటలు తేడా వస్తే ల్యాప్‌టాపు మన టైముని కలిపేసింది.

మోడల్‌కి నౌక ఎత్తు ఇచ్చాను, అయినా యాభై అరవై నానోటెస్లా తేడా వస్తోంది.

ఎత్తుని ఏ వ్యాసార్థం నుంచి లెక్కపెట్టారో చూడండి. ఐజీఆర్‌ఎఫ్ (భూమి క్షేత్రానికి అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక మోడల్) సూత్రాల్లో భూమి వ్యాసార్థం 6371.2 కి.మీ. మధ్యరేఖ దగ్గరి వ్యాసార్థం 6378.1. ఒకదాని బదులు ఇంకోటి వాడితే దాదాపు 7 కి.మీ. తేడా. 560 కి.మీ. ఎత్తున క్షేత్రం 20 వేల నానోటెస్లా అనుకుంటే, డైపోల్ నియమం (క్షేత్రం దూరం ఘనంతో తగ్గుతుందనేది) ప్రకారం కిలోమీటరుకి సుమారు 9 మారుతుంది. ఏడు తొమ్మిదులు అరవై మూడు. మీ తేడా అదే. స్పైస్ నుంచి వచ్చిన భూకేంద్ర దూరాన్ని నేరుగా ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు. అక్షాంశం కూడా భూకేంద్రానిదే ఇవ్వాలి, మ్యాపుల్లో వాడేది వేరే.

ఐజీఆర్‌ఎఫ్‌లో 2013 లేదు, 2010, 2015 మాత్రమే ఉన్నాయి.

అయిదేళ్ళకి ఒకసారి గుణకాలు ఇస్తారు. మధ్య తేదీకి రెండింటి మధ్య సరళరేఖ గీసినట్టు లెక్క కట్టాలి. 2013 అక్టోబరు 9 అంటే 2013.77. చాలా ప్రోగ్రాములు తేదీ ఇస్తే అవే చేసుకుంటాయి.

సెకనుకి 64 రీడింగులు ఉన్న ఫైలు తీసుకోమంటారా?

అక్కర్లేదు. మోడల్‌తో పోల్చడానికి సెకనుకొకటి ఎక్కువే. అలలు, షాకులు చూసేవాళ్ళకి అవి కావాలి.

## పరికరం గురించి

ఫ్లక్స్‌గేట్ అంటే ఏంటి? తీగచుట్టేనా?

తీగచుట్టలే, కానీ లోపల తేలిగ్గా అయస్కాంతం అయ్యే లోహపు రింగు ఉంటుంది. ఒక చుట్టలో ఏసీ కరెంటు పంపి ఆ రింగుని అటూ ఇటూ పూర్తిగా నిండేదాకా అయస్కాంతం చేస్తారు. బయట క్షేత్రం లేకపోతే రెండు వైపులా సమానంగా జరుగుతుంది. బయట క్షేత్రం ఉంటే ఒక వైపు కాస్త ముందు నిండుతుంది. ఆ అసమానత వల్ల రెండో చుట్టలో, పంపిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర ఒక సిగ్నల్ పుడుతుంది. దాన్ని రద్దు చేయడానికి ఎంత ఎదురు కరెంటు పంపాలో అదే కొలత. మూడు దిశలకీ మూడు కొలతలు.

ఆఫ్‌సెట్ అని ప్రతి చోటా రాస్తారు. అదేంటో ఒక్కసారి అర్థమయ్యేలా చెప్పండి.

చేపల మార్కెట్లో కాటా మీద ఏమీ పెట్టకముందే 200 గ్రాములు చూపిస్తే, ఆ 200 ఆఫ్‌సెట్. క్షేత్రం సున్నా అయినా సెన్సార్ చూపించే అంకె అది. ఎలక్ట్రానిక్స్ వల్ల కొంత, నౌక సొంత అయస్కాంతత్వం వల్ల కొంత వస్తుంది. వేడి చల్లదనాలతో మెల్లగా మారుతుంది కూడా. అందుకే భూమ్మీద ఒకసారి కొలిచి వదిలేస్తే సరిపోదు.

దీన్ని మీ ఫోనుతోనే చూడొచ్చు. సెన్సార్ రీడింగులు చూపించే యాప్‌లో అన్‌క్యాలిబ్రేటెడ్ అనే విలువని ఎంచుకోండి, మామూలు విలువలోంచి ఫోను ఆఫ్‌సెట్‌ని ముందే తీసేస్తుంది. అయస్కాంతం ఉన్న కవరు తీసేయండి. స్లాబు మీద చేయకండి, లోపలి ఇనుప చువ్వలు రీడింగుని చెడగొడతాయి. కొబ్బరితోటలో మోటారు షెడ్డుకి దూరంగా, మేకులు లేని చెక్క మీద ఫోనుని బల్లపరుపుగా పెట్టండి. పొడుగు వైపు ఉత్తరానికి పెట్టి ఆ అక్షం రీడింగు రాసుకోండి. అదే చోట, బల్లపరుపుగానే ఉంచి, పొడుగు వైపు సరిగ్గా దక్షిణానికి వచ్చేలా తిప్పి మళ్ళీ రాసుకోండి. ఉదాహరణకి మొదట 43, తిప్పాక మైనస్ 37 మైక్రోటెస్లా వచ్చాయనుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 3. అదే ఆఫ్‌సెట్. అసలు క్షేత్రం 40.

తిరుగుతూ ప్రయాణించే నౌక ఇదే పనిని ప్రతి చుట్టులోనూ చేస్తుంది. గురుడి దగ్గర జునో నిమిషానికి 2 చుట్లు తిరుగుతుంది. అక్షానికి అడ్డంగా ఉన్న రెండు దిశల ఆఫ్‌సెట్ అలా తేలిపోతుంది. తిరిగే అక్షం వెంట ఉన్న దిశది మాత్రం తేలదు, ఎంత తిరిగినా అది అటే చూస్తుంటుంది. దానికి వేరే పద్ధతి ఉంది. సౌరగాలిలో (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల ప్రవాహంలో) క్షేత్రం దిశ మారుతున్నా పరిమాణం దాదాపు అలాగే ఉండే సమయాలు దొరుకుతాయి. ఆ సమయంలో పరిమాణాన్ని స్థిరంగా ఉంచే ఆఫ్‌సెట్ ఏదో వెతుకుతారు. ఈ ఆలోచనని డేవిస్, స్మిత్ 1968లో చెప్పారు. ఇప్పటికీ వాడుతున్నారు.

సెన్సార్‌ని అంత పొడుగు బూమ్ చివర ఎందుకు పెడతారు?

నౌక నిండా అయస్కాంతాలే. ఇంధనం వాల్వులు, రేడియో యాంప్లిఫయర్ ట్యూబుల్లో శాశ్వత అయస్కాంతాలు, సోలార్ ప్యానెళ్ళలో పారే కరెంటు, దిశ మార్చే చక్రాల మోటార్లు. వాటి క్షేత్రం దూరం ఘనంతో తగ్గుతుంది కాబట్టి రెట్టింపు దూరం వెళితే ఎనిమిదో వంతు అవుతుంది. వాయేజర్ బూమ్ 13 మీటర్లు. జునో సెన్సార్లు ఒక సోలార్ రెక్క చివర, నౌక మధ్య నుంచి 10, 12 మీటర్ల దూరంలో ఉన్నాయి.

నేల మీదా ఇదే గొడవ. బొంబాయిలో ట్రాములు కరెంటుతో నడిచే రోజులు వచ్చేసరికి కొలాబా అయస్కాంత అబ్జర్వేటరీ పనిని అలీబాగ్‌కి తరలించారు. అలీబాగ్‌లో 1904 నుంచి కొలుస్తున్నారు. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద, ఏరేటర్లు తిరుగుతుండగా ఫోను రీడింగు తీసుకుంటే ఆ అబ్జర్వేటరీ ఎందుకు కదలాల్సి వచ్చిందో తెలుస్తుంది.

రెండు సెన్సార్లు ఎందుకు? ఒకటి పాడైతే అనా?

అది కూడా. అసలు లాభం వేరే. రెండిటి దూరాలూ వేరు కాబట్టి నౌక సొంత క్షేత్రం రెండిట్లో వేరుగా పడుతుంది, గ్రహం క్షేత్రం ఒకేలా పడుతుంది. మన ఆదిత్య-ఎల్1 బూమ్ 6 మీటర్లు, సెన్సార్లు 3 మీటర్ల దగ్గర ఒకటి, 6 దగ్గర ఒకటి. నౌక క్షేత్రం లోపలి దాంట్లో 8 నానోటెస్లా అనుకుంటే బయటి దాంట్లో 1 ఉంటుంది, తేడా 7. అంటే ఎప్పుడు చూసినా తేడాలో ఏడో వంతుని బయటి రీడింగులోంచి తీసేస్తే సరి. మెరైనర్ 10 నౌక ఈ రెండు సెన్సార్ల పద్ధతితోనే 1974లో బుధుడి దగ్గరికి వెళ్ళింది. వీనస్ ఎక్స్‌ప్రెస్ బూమ్ ఒక్క మీటరే, నౌకని అయస్కాంతపరంగా శుభ్రంగా ఉంచే ప్రయత్నమూ చేయలేదు. అయినా రెండు సెన్సార్ల వల్ల శుక్రుడి దగ్గర పనికొచ్చే డేటా వచ్చింది.

గ్రాఫులో ఉన్నట్టుండి చిన్న మెట్టు వచ్చింది. ఏదైనా కొత్త సంగతా?

ముందు రేంజ్ కాలమ్ చూడండి. జునో పరికరానికి ఆరు రేంజులు. చిన్నది ప్లస్ మైనస్ 1,600 నానోటెస్లా, పెద్దది ప్లస్ మైనస్ 16.384 గాస్, అంటే 16 లక్షల నానోటెస్లా పైచిలుకు. ఏ రేంజులో అయినా 16 బిట్లే కాబట్టి చిన్న రేంజులో ఒక మెట్టు 0.05 నానోటెస్లా, పెద్ద రేంజులో 50. రేంజ్ మారిన క్షణంలో గెయిన్ (రీడింగుని క్షేత్రంగా మార్చే నిష్పత్తి), ఆఫ్‌సెట్ కొంచెం మారతాయి. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక క్షేత్రం దగ్గర వచ్చిన మెట్టు, బయటికి వచ్చేటప్పుడు దాదాపు అదే క్షేత్రం దగ్గర తిరగబడి వస్తే అది పరికరానిదే.

## లెక్కలో తేడా వచ్చినప్పుడు

కొలతలోంచి మోడల్‌ని తీసేశాను. మిగిలింది సున్నా రాలేదు. ఇప్పుడేం చేయాలి?

సున్నా ఎవరికీ రాదు. మిగిలిన తేడా ఎలాంటి ఆకారంలో ఉందో చూడటమే ఈ పని మొత్తం. దాన్ని దేంతో పోల్చి గీస్తే సరళరేఖ వస్తుందో ఆ దిక్కునే తప్పు ఉంటుంది.

సెన్సార్ అక్షాల్లో తేడా ఎప్పుడూ ఒకే అంకెగా ఉంటే అది ఆఫ్‌సెట్. క్షేత్రం పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో తేడా పెరిగితే గెయిన్. తేడా వెక్టర్ ఎప్పుడూ క్షేత్రానికి లంబంగా ఉంటే అక్షాల దిశ తప్పింది. మోడల్ మారే వేగాన్ని, అంటే సెకనుకి ఎన్ని నానోటెస్లా మారుతోందో దాన్ని, అడ్డంగా పెట్టి తేడాని నిలువుగా పెడితే సరళరేఖ వచ్చిందంటే గడియారం తప్పింది. ఆ రేఖ వాలే మీ సమయం తప్పు, సెకన్లలో.

ఈ నాలుగు గ్రాఫులూ గీయకుండా ఎవరూ ఫోను చేయొద్దు అని పిల్లలకి చెబుతుంటాను. కోపంతో కాదు. ఆ నాలుగూ పక్కపక్కన పెడితే జవాబు వాళ్ళకే దొరుకుతుంది, అలా దొరికినప్పుడు కలిగే సంతోషం నేను చెబితే రాదు.

పరిమాణం చక్కగా సరిపోయింది, మూడు దిశలు విడివిడిగా మాత్రం కలవట్లేదు.

అయితే పరికరం మంచిదే, నౌక ఎటు తిరిగి ఉందన్న సమాచారంలో తప్పుంది. దిశ తప్పితే వెక్టర్ పక్కకి వాలుతుంది గానీ పొడుగు మారదు. క్షేత్రం 20 వేల నానోటెస్లా అయినప్పుడు ఒక డిగ్రీ తప్పు పక్క దిశలో దాదాపు 350 నానోటెస్లాగా కనిపిస్తుంది. డిగ్రీలో అరవయ్యో వంతు కూడా 6 నానోటెస్లా. జునోలో ప్రతి సెన్సార్ పక్కనే నక్షత్రాల కెమెరాలు బిగించింది ఇందుకే, రెక్క కాస్త వంగినా సెన్సార్ ఎటు చూస్తోందో తెలియాలి. మీ దగ్గర మాత్రం ముందు కెర్నెళ్ళు చూసుకోండి. సెన్సార్ ఫ్రేమ్‌కి (సెన్సార్ అక్షాలకి) బదులు నౌక ఫ్రేమ్ వాడేసి ఉంటారు.

తేడా సైన్ వేవ్‌లా ఊగుతోంది.

ఎంత సేపటికి ఒక ఊపో చూడండి. నౌక తిరిగే కాలంతో సమానమైతే ఆఫ్‌సెట్ మిగిలిపోయింది లేదా దిశ కొంచెం తప్పింది. అందులో సగం కాలమైతే రెండు అక్షాల గెయిన్‌లు సమానంగా లేవు లేదా అవి సరిగ్గా 90 డిగ్రీల్లో లేవు. బలమైన క్షేత్రంలో లోహపు నౌక తిరిగితే దాని శరీరంలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి. గురుడి దగ్గర జునో డేటాకి ఈ సవరణ కూడా చేశారు.

క్షేత్రం గరిష్ఠం, నౌక అత్యంత దగ్గరికి వచ్చిన క్షణంలో రాలేదు. తప్పేనా?

తప్పు కాదు. క్షేత్రం దూరం ఒక్కదాని మీదే ఆధారపడదు, ధ్రువాల వైపు ఎక్కువ, మధ్యరేఖ వైపు తక్కువ. పైగా దక్షిణ అట్లాంటిక్, దక్షిణాఫ్రికా ప్రాంతంలో భూమి క్షేత్రం బలహీనం. మోడల్‌లో గరిష్ఠం ఎప్పుడొచ్చిందో చూడండి, రెండూ కలిస్తే చాలు.

అన్నీ సరిచేశాను, ఇంకా ఇరవై ముప్పై నానోటెస్లా మిగిలింది. మోడల్ తప్పా?

మోడల్ తప్పు కాదు, అది మొత్తం చెప్పదు. ఐజీఆర్‌ఎఫ్ భూమి లోపలి ప్రధాన క్షేత్రాన్ని మాత్రమే, 13వ డిగ్రీ వరకు, అంటే సన్నని వివరాలు లేకుండా, చెబుతుంది. అందులో లేనివి మూడు. భూమి పైపొర రాళ్ళ క్షేత్రం ఆ ఎత్తుల్లో కొన్ని నానోటెస్లా నుంచి, కొన్ని చోట్ల పదీ ఇరవై దాకా. భూమి చుట్టూ తిరిగే రింగ్ కరెంట్ ప్రశాంతమైన రోజుల్లో పదుల్లో, అయస్కాంత తుఫాను రోజున వంద దాటి కూడా. అయనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) కరెంట్లు వేరు. ఆ రోజు డీఎస్‌టీ సూచిక (రింగ్ కరెంట్ ప్రభావాన్ని నానోటెస్లాల్లో చెప్పే అంకె) ఎంతో జపాన్‌లోని క్యోటో డేటా సెంటర్‌లో చూడండి. మీ తేడా దాని గుర్తుతో, పరిమాణంతో కలిస్తే అది నిజమైన క్షేత్రమే. దాన్ని ఆఫ్‌సెట్‌లో కలిపేసి పరికరాన్ని చెడగొట్టకండి.

నౌక దూరంగా ఉన్నప్పుడు మోడల్‌తో పొంతనే లేదు.

ఉండదు. సూర్యుడి వైపు భూమి అయస్కాంత ఆవరణ అంచు సుమారు 10 భూవ్యాసార్థాల దూరంలో, అంటే 64 వేల కి.మీ. దగ్గర ఉంటుంది. అది దాటితే నౌక చూసేది సౌరగాలి క్షేత్రం. మోడల్‌తో పోలిక దగ్గరి భాగానికే పెట్టుకోండి.

పన్నెండు తెలియని రాశులూ పెట్టి ఫిట్ చేస్తే అద్భుతంగా కలిసింది. అయిపోయినట్టేనా?

మూడు ఆఫ్‌సెట్లు, తొమ్మిది గెయిన్-దిశ గుణకాలు, మొత్తం పన్నెండు. ఫ్లైబైలో క్షేత్రం సెన్సార్ అక్షాల్లో అన్ని దిశలకీ తిరగకపోతే ఈ పన్నెండూ విడిపోవు, ఒకదాని తప్పు ఇంకోటి మోస్తుంది. ఫిట్ అందంగానే కనిపిస్తుంది. లోపలికి వచ్చే సగం డేటాతో ఫిట్ చేసి, బయటికి వెళ్ళే సగం మీద వాడి చూడండి. అక్కడా కలిస్తే నమ్మొచ్చు. తిరగని నౌకలకి ఈ చిక్కు ఎక్కువ, అందుకే క్యాసినీని ప్రత్యేకంగా పొర్లించి కొలతలు తీసేవారు.

ఫ్లైబై అనామలీ అని చదివాను. ఇదేనా?

కాదు. అది వేగానికి సంబంధించింది. నియర్ నౌక 1998లో భూమిని దాటినప్పుడు లెక్క కన్నా సెకనుకి సుమారు 13 మిల్లీమీటర్లు ఎక్కువ వేగం కనిపించింది. జునోకి అలాంటిది కనిపించలేదు.

## మోడల్ లేని గ్రహం దగ్గర

పోల్చడానికి ఏమీ లేని చోట కొలతని ఎలా నమ్మాలి?

మళ్ళీ వెళ్ళి, ఇంకో దారిలో కొలిచి. 1974 మార్చి 29న మెరైనర్ 10 బుధుడి దగ్గర వంద నానోటెస్లా దాకా చూసింది. అంత చిన్న, మెల్లగా తిరిగే గ్రహానికి సొంత క్షేత్రం ఉంటుందని అప్పట్లో ఎక్కువమంది అనుకోలేదు. సౌరగాలి తాకిడికి తాత్కాలికంగా పుట్టిందేమో అన్నారు, అడగాల్సిన ప్రశ్నే అది. రెండు సెన్సార్లు ఒకే మాట చెప్పాయి కాబట్టి నౌక సొంత క్షేత్రం కాదని తేలింది. మిగతా అనుమానం 1975 మార్చి 16న తీరింది. నౌక 327 కి.మీ. ఎత్తులో, ఈసారి ధ్రువం వైపు నుంచి వెళ్ళింది. బుధుడికి సొంత క్షేత్రం ఉంటే అక్కడ ఎక్కువ ఉండాలి. 400 నానోటెస్లా వచ్చింది.

గురుడి చందమామ యూరోపా కథ ఇంకా బాగుంటుంది. దాని లోపల ఉప్పునీటి సముద్రం ఉంటే, గురుడి మారే క్షేత్రానికి ఎదురుగా యూరోపాలో ప్రేరిత క్షేత్రం పుట్టాలి, గురుడి క్షేత్రం తిరగబడితే ఇదీ తిరగబడాలి. గెలీలియో 2000 జనవరి 3న సరిగ్గా ఆ పరిస్థితిలో వెళ్ళింది. తిరగబడింది. ముందే చెప్పి, తప్పయ్యే అవకాశం ఇచ్చి, ఆ తర్వాత కొలిచారు.

మాగ్నెటోమీటర్ చూసింది చూసి నౌక దారి మార్చిన సందర్భం ఉందా?

ఉంది. 2005 ఫిబ్రవరి, మార్చిలో క్యాసినీ ఎన్‌సెలడస్ పక్కనుంచి వెళ్ళినప్పుడు శని క్షేత్రరేఖలు ఆ చిన్న మంచు చందమామ దగ్గర వంగి కనిపించాయి, అక్కడేదో వాతావరణం అడ్డు ఉన్నట్టు. మిషెల్ డోహర్టీ నడిపిన మాగ్నెటోమీటర్ బృందం ఇంకా కిందికి వెళదామని అడిగింది. జులై 14 ఫ్లైబై వెయ్యి కి.మీ. ఎత్తున అనుకున్నది 173 కి.మీ.కి దించారు. దక్షిణ ధ్రువం దగ్గర నుంచి నీటి ఆవిరి చిమ్ముతోందని ఇతర పరికరాలు కూడా చూశాయి. పరికరం సున్నా ఎక్కడుందో ముందే గట్టిగా తెలిసి ఉండకపోతే, ఆ చిన్న వంపుని చూపించి నౌక దారి మార్చమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

## ప్రాజెక్టు రాసేటప్పుడు

గ్రాఫుని చెడగొడుతున్న నాలుగైదు పాయింట్లు తీసేయొచ్చా?

కారణం చూపించగలిగితే తీయొచ్చు: థ్రస్టర్ (నౌక చిన్న ఇంజన్) వెలిగింది, రేంజ్ మారింది, ఫైల్లోనే క్వాలిటీ ఫ్లాగ్ (ఈ రీడింగు అనుమానమే అనే గుర్తు) ఉంది. నచ్చలేదని తీయకూడదు. నౌక దినచర్య కూడా చూడండి. జునో ఆ ఫ్లైబైలో సేఫ్ మోడ్‌లోకి (ముఖ్యం కాని పనులు ఆపేసి తనని కాపాడుకునే స్థితిలోకి) వెళ్ళింది, అలాంటి సంఘటన తర్వాత డేటా మామూలుగా ఉంటుందని అనుకోకూడదు. తీసినవన్నీ వేరే పట్టికలో పెట్టండి.

ఖచ్చితత్వం ఎంత అని రాయాలి?

ఒక్క అంకె సరిపోదు. బలహీన క్షేత్రంలో ఆఫ్‌సెట్ తప్పు ముఖ్యం, బలమైన క్షేత్రంలో గెయిన్, దిశ తప్పులు ముఖ్యం. "20 వేల నానోటెస్లా దగ్గర ఇంత, సౌరగాలిలో ఇంత" అని విడిగా రాయండి. పరిమాణానికి ఒకటి, దిశకి ఒకటి.

ఇస్రో డేటాతో ఏమైనా చేయొచ్చా?

ఆదిత్య-ఎల్1 మాగ్నెటోమీటర్ డేటా ఇస్రో సైన్స్ డేటా ఆర్కైవ్‌లో దొరుకుతుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళింది, బూమ్‌ని 2024 జనవరి 11న చాపారు. ఇది ఫ్లైబై కాదు, పక్కన మోడల్ ఉన్న గ్రహమూ లేదు. కానీ అదే ఎల్1 ప్రాంతంలో (సూర్యుడికీ భూమికీ మధ్య నౌకలు నిలకడగా ఉండగలిగే చోట) నాసా ఏస్, విండ్ నౌకలు ఎన్నో ఏళ్ళుగా కొలుస్తున్నాయి. మూడింటినీ ఒక గంటపాటు పక్కపక్కన గీయండి. మూడూ ఒకే చోట లేవు కాబట్టి సౌరగాలి ఒక దాన్నుంచి ఇంకోదానికి చేరే సమయం సరిచేసుకోవాలి. లోపలి సెన్సార్, బయటి సెన్సార్ రీడింగులు రెండూ దొరికిన రోజులనే ముందు ఎంచుకోండి.